పక్క సీటు ఖాళీగా ఉంది.. కూర్చుంటారా?

కారు కొనే స్తోమత లేదు, రేసింగ్ అకాడమీ ఫీజు కట్టలేరు. అయినా మోటార్ స్పోర్ట్స్ అంటే పిచ్చి. అలాంటివారికీ ఓ దారి ఉంది. ర్యాలీ కారులో డ్రైవర్ పక్కన కూర్చుని, రాబోయే మలుపును ముందే చదివి చెప్పే నావిగేటర్ పని అది. అందులో ఏం నేర్చుకోవాలి? ఎక్కడ మొదలెట్టాలి? డబ్బులొస్తాయా?

కొల్లాపూర్ నుంచి సోమశిల దాకా ఎన్నిసార్లు వెళ్లుంటారు! దారిలో ఎక్కడో ఓ చోట ఈ దృశ్యం మీ కంటపడే ఉంటుంది. ఇరుకు సందులో లారీ రివర్స్ తీస్తుంటుంది. వెనకాల క్లీనర్ నిలబడి బాడీ మీద అరచేత్తో తడుతూ ‘రానీ.. రానీ.. రానీ.. జర లెఫ్ట్ కొట్టన్నా.. రానీ.. ఆపాపాపు!’ అంటుంటాడు. వెనక గోడుందో గుంతుందో డ్రైవర్‌కు కనిపించదు. ఆ గొంతే ఆయనకు ఆధారం. క్లీనర్ ‘అన్నా, వెనక భాగంలో సుమారు మూడడుగుల దూరంలో ఒక ప్రహరీ గోడ ఉంది’ అని వాక్యం పూర్తిచేసేలోపు గోడ కూలిపోతుంది. అందుకే చిన్న మాటలు. ఇద్దరికీ ముందే తెలిసిన మాటలు. మాట వేగం పెరిగిందంటే గోడ దగ్గరపడిందని కూడా డ్రైవర్‌కు అర్థమవుతుంది.

ర్యాలీ కారులో నావిగేటర్ చేసేదీ ఇలాంటిదే. కాకపోతే బండి ముందుకు పోతుంటుంది, చాలా వేగంగా!

గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. మీరు ‘అబ్బా’ అనేలోపు బస్సుకు రెండింతల దూరం దాటేస్తారు. పైగా అది నున్నటి హైవే కాదు. మట్టిరోడ్డు, కాఫీ తోటల మధ్య దారి, రాళ్లు తేలిన అడవి బాట. మలుపు అవతల ఏముందో కనిపించదు. మిట్ట ఎక్కాక రోడ్డు ఎటు తిరుగుతుందో తెలీదు. సర్క్యూట్ రేసులో ఒకే ట్రాక్ మీద పదుల సార్లు తిరుగుతారు కాబట్టి డ్రైవర్‌కు ప్రతి మలుపూ కంఠతా వచ్చేస్తుంది. ర్యాలీలో ఆ సదుపాయం లేదు. రోడ్డులో కొంత భాగాన్ని పోటీ కోసం మూసేసి కార్లను ఒకదాని తర్వాత ఒకటి వదులుతారు. దాన్నే స్పెషల్ స్టేజ్ అంటారు. తక్కువ సమయంలో దాటినవారిదే పైచేయి. అలాంటివి రోజుకు కొన్ని ఉంటాయి. అన్నిటినీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి రోడ్డును కాగితం మీద రాసుకుని, పక్కన ఒకరు దాన్ని చదువుతూ పోవాలి. ఆ రాతే పేస్ నోట్స్.

మన దగ్గర స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి నావిగేటర్‌ది ఎడమ సీటు. ఆ సీట్లో కూర్చునేవారికి సొంత కారు అక్కర్లేదు. చురుకైన కన్ను, తడబడని గొంతు, గడియారం మీద భయభక్తులు.. ఇవి కావాలి. వీటిలో ఏదీ డబ్బు పెట్టి కొనేది కాదు కదా!

మలుపుకో మార్కు

పేస్ నోట్స్‌కు పద్ధతులు చాలా ఉన్నాయి. ఎక్కువగా వాడేది 1 నుంచి 6 వరకు అంకెల లెక్క. 1 అంటే బాగా వంగిన మలుపు, దాదాపు ఆగి తిరగాలి. 6 అంటే పేరుకే వంపు, యాక్సిలరేటర్ వదలక్కర్లేదు. దీన్ని తిరగేసి వాడేవాళ్లూ ఉన్నారు. ఏ పద్ధతి గొప్పదన్న చర్చలో తలదూర్చకండి. డ్రైవర్ ఏది అలవాటు చేసుకుంటే మీకదే గొప్పది.

అంకెకు ముందు లెఫ్టో రైటో, తర్వాత ఆ మలుపు స్వభావం. సాగిపోయే మలుపైతే ‘లాంగ్’. పోనుపోను బిగుసుకుంటే ‘టైటెన్స్’. విప్పారితే ‘ఓపెన్స్’. లోపలి అంచున రాయో కల్వర్టో ఉండి, మలుపును కోసుకుని వెళ్తే చక్రం పోతుందనుకుంటే ‘డోంట్ కట్’. రెండు మలుపుల మధ్య ఖాళీని మీటర్లలో రాస్తారు. ఖాళీ లేకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తే ‘ఇంటూ’. మిట్ట ఉంటే ‘క్రెస్ట్’. ప్రమాదం ఉన్నచోట ఆశ్చర్యార్థకం. ఒకటుంటే జాగ్రత్త, రెండుంటే చాలా జాగ్రత్త. మూడున్నాయంటే అక్కడ తప్పుచేస్తే ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తుందని అర్థం.

ఉదాహరణకు నోట్‌బుక్‌లో ఇలా ఉందనుకోండి: ‘100 ఎ4 లాంగ్ డోంట్ కట్ - కు3 టైటెన్స్ - 30 క్రెస్ట్ ! - ఎ5’. దీన్ని మన మాటల్లోకి తెస్తే.. వంద మీటర్లు నేరుగా పోయాక ఎడమకు ఓ మోస్తరు సాగే మలుపు, లోపలి అంచు కోయొద్దు. వెంటనే కుడికి ఇంకాస్త గట్టి మలుపు, అది చివర్లో బిగుస్తుంది. ముప్పై మీటర్ల తర్వాత మిట్ట, జాగ్రత్త. అవతల ఎడమకు చిన్న వంపు. ఈ వివరణ చదవడానికి మీకు పదిహేను సెకన్లు పట్టిందా? కారు ఈపాటికి ఆ మిట్ట దాటి ఎక్కడో ఉంటుంది. నోట్‌బుక్‌లోని ఆ ఒక్క వరుస మాత్రం అయిదారు సెకన్లలో అయిపోతుంది.

ఇక రాసే పద్ధతి. పోటీకి ముందు రెక్కీ ఉంటుంది. సాధారణంగా ఒక్కో స్టేజ్‌ను రెండుసార్లు, మామూలు బండిలో, పరిమిత వేగంతో చూడనిస్తారు. మొదటిసారి డ్రైవర్ రోడ్డు చూస్తూ చెబుతుంటే నావిగేటర్ రాసుకుంటారు. రెండోసారి నావిగేటర్ చదువుతుంటే డ్రైవర్ విని దిద్దుతారు. ‘ఇది నాలుగు కాదు, మూడు చెయ్’, ‘ఈ చెట్టు కనిపించగానే బ్రేక్, అది రాయి’. ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. తమకు తోచింది రాసేస్తారు. అంకె డ్రైవర్‌ది. మీకు మూడు అనిపించినా ఆయన నాలుగంటే నాలుగే. అనుమానముంటే అప్పుడే అడగాలి. పోటీలో కాదు.

రాతపరికరాల సంగతి చిన్నదే గానీ, పని అక్కడే చెడుతుంది. పెన్ను కాదు, పెన్సిల్. దిద్దాలి కదా. స్పైరల్ పుస్తకం, కాగితానికి ఒకవైపే రాత, పెద్ద అక్షరాలు, ప్రతి పేజీకి నంబరు. ‘ఇంటూ’తో ముడిపడ్డ రెండు మలుపులను రెండు పేజీల్లో ఎప్పుడూ విడగొట్టొద్దు. పేజీ తిప్పడం నేరు రోడ్డు మీద పడేలా చూసుకోవాలి. ఎగుడుదిగుడు మట్టిలో, చేతికి గ్లవుజు లేకున్నా సరే, రెండు పేజీలు కలిసి తిరిగాయంటే ఆరేడు మలుపులు మాయమైపోతాయి. అందుకే పేజీల చివర్లు మడిచి ఉంచుకునేవారుంటారు.

‘రైట్’ అంటే ఏంటి?

ఇప్పుడు మన తెలుగువాళ్లకు మాత్రమే వచ్చే ఓ చిక్కు. ఆర్టీసీ బస్సులో కండక్టర్ ‘రైట్ రైట్’ అంటే డ్రైవర్ కుడికి తిప్పుతారా? తిప్పరు. పోనిస్తారు. మనకు ‘రైట్’ అంటే కుడి మాత్రమే కాదు. పోనీయ్ అని, సరే అని, కరెక్టే అని కూడా. బస్సులో ఇది హాయిగా నడిచిపోతుంది. ర్యాలీ కారులో డ్రైవర్ ‘ముందు లెఫ్టే కదా?’ అని అడిగితే మీరు అలవాటుగా ‘రైట్!’ అన్నారనుకోండి.. మిగతా కథ ఊహించుకోండి.

కాబట్టి తెలుగు జంట మొదట చేయాల్సిన పని నోట్స్ రాయడం కాదు, మాటలు ఏరుకోవడం. ఏ మాటకు ఒకే అర్థం? ఏ రెండు మాటలు ఒకేలా వినిపిస్తాయి? అవుననడానికి ‘ఓకే’ అంటారో ‘ఊఁ’ అంటారో తేల్చుకోండి. ‘రైట్’ను మాత్రం కుడికే కేటాయించండి.

దూరాల సంగతి చూడండి. ఇరవై, అరవై. ఇంజిన్ హోరులో, కింద రాళ్లు తగిలే చప్పుడులో మొదటి అక్షరం మింగుడుపడితే రెండూ ‘రవై’లే. యాభై, ఎనభై కూడా అంతే. నలభై మీటర్ల తేడా అంటే ఆ వేగంలో సెకనున్నర. బ్రేక్ వేయాల్సిన చోటును దాటేయడానికి అది చాలు. తెలుగులో చదవాలనుకుంటే అరవైని వదిలేసి యాభై, వంద, నూటయాభై లాంటి కొన్ని అంకెలకే పరిమితం కావచ్చు. లేదా దూరాలు ఇంగ్లిష్‌లో, హెచ్చరికలు తెలుగులో పెట్టుకోవచ్చు. కుడి, ఎడమ అన్న మాటలు వినడానికి బాగా వేరుగా ఉంటాయి, అది మంచిదే. మన పొలాల్లో ఎద్దుల జతకు వాడే దాపట, వలపట మాత్రం ఇక్కడ పనికిరావు. తోకలు రెండూ ఒకటే. నాగలి దగ్గర ఆ మాటలకు తిరుగులేదనుకోండి, అక్కడ వేగం ఎద్దులది!

తెలుగులో నోట్సా అని నవ్వకండి. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఫిన్లాండ్‌కు చెందిన కాలె రోవన్‌పెరాకు పక్క సీట్లోని యోనె హాల్తునెన్ ఫిన్నిష్‌లోనే చదివేవాడు. బెల్జియం డ్రైవర్ తియెరి నోవిల్‌కు ఫ్రెంచ్‌లో వినిపిస్తుంది. జపాన్‌కు చెందిన తకమొతొ కత్సుత మాత్రం ఐర్లండ్‌కు చెందిన ఆరన్ జాన్‌స్టన్ ఇంగ్లిష్ మాటలు వింటూ నడిపాడు. మన గౌరవ్ గిల్ 2013లో ఆసియా పసిఫిక్ టైటిల్ గెలిచినప్పుడు పక్కన ఉన్నది ఆస్ట్రేలియాకు చెందిన గ్లెన్ మెక్‌నీల్. కాబట్టి ఒక్క మాట: తెలుగులో సాధన చేయండి, ఇంగ్లిష్‌లోనూ అంతే వేగంగా చదవడం నేర్చుకోండి. రేపు మీ డ్రైవర్ కోయంబత్తూరువాడు కావచ్చు, ఢిల్లీవాడు కావచ్చు.

ఎప్పుడు చెప్పాలి?

సరిగ్గా రాయడం సగం పనే. సరైన క్షణంలో చెప్పడం అంతకంటే కష్టం. డ్రైవర్ ఒక మలుపులోకి దిగేలోపు తర్వాతి మలుపు చెవిన పడాలి. మరీ ముందు చెబితే మరిచిపోతాడు. ఆలస్యమైతే వినేసరికి కారు అందులోనే ఉంటుంది. నేరు రోడ్డు మీద కాస్త ఊపిరి తీసుకోవచ్చు. మెలికలున్న చోట మాట ఆగకూడదు. తల పుస్తకంలో ఉంటుంది, మరి కారు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? నడుముతో, భుజంతో. బండి ఎడమకు తిరిగితే ఒళ్లు కుడికి ఒరుగుతుంది. ఆ ఒరుగుడును పుస్తకంలోని వరుసతో సరిపోల్చుకుంటూ, మధ్యమధ్యలో రెప్పపాటు తలెత్తి చూసుకుంటూ పోవాలి.

గొంతు కూడా సమాచారమే. లారీ క్లీనర్ గుర్తున్నాడు కదా! ‘లెఫ్ట్ సిక్స్’ని తేలిగ్గా, ‘రైట్ టూ’ని నొక్కి అంటే అంకె అర్థమయ్యేలోపే కాలు బ్రేక్ మీదికి వెళ్తుంది. కానీ భయపడిపోయి ప్రతి మలుపునూ అరిచి చెబితే నిజంగా భయపడాల్సిన చోట అరవడానికి ఏమీ మిగలదు. ఇద్దరి హెల్మెట్లలోనూ మైకు, స్పీకరు ఉంటాయి, ఇంటర్‌కామ్ తీగ కలుపుతుంది. స్టేజ్ మొదలయ్యే ముందే అది పనిచేస్తోందో లేదో చూసుకోవడం నావిగేటర్ బాధ్యత.

మరి నోట్స్‌లో చోటు తప్పితే? ఎంత అనుభవం ఉన్నవారికైనా తప్పుతుంది. అప్పుడు ఏం చేస్తారన్న దాన్నిబట్టే మీరు ఈ పనికి తగినవారో కాదో తేలుతుంది. పరీక్షలో జవాబు తెలియకపోయినా ఏదో ఒకటి రాసొచ్చే అలవాటు మనలో చాలామందిది. ఇక్కడ ఊహించి చెప్పారంటే పక్కవాడి ప్రాణం మీ ఊహ మీద ఆధారపడుతుంది. ‘పోయింది’ అని వెంటనే ఒప్పుకోవాలి. అందుకూ ఒక మాట ముందే అనుకోవాలి. ఆ మాట వినగానే డ్రైవర్ వేగం తగ్గించి కళ్లతో నడుపుతాడు. మీరు తలెత్తి, కచ్చితంగా గుర్తుపట్టగలిగిన మలుపో కల్వర్టో వచ్చేదాకా ఆగి, అక్కణ్నుంచి అందుకోవాలి. పది సెకన్లు పోతాయి. పోనివ్వండి.

ఈ విద్యకు పెద్దగా పేరు తెచ్చిన జంట ఒకటుంది. 1955 మే 1న ఇటలీలో మిల్లె మిలియా అనే వెయ్యి మైళ్ల రోడ్డు రేసు. బ్రెషా నుంచి రోమ్ వెళ్లి తిరిగి రావాలి. డ్రైవర్ స్టెర్లింగ్ మాస్. పక్కన కూర్చున్న డెనిస్ జెంకిన్‌సన్ ఓ పత్రికా విలేకరి. ఇద్దరూ ముందే ఆ దారంతా తిరిగి, మలుపులన్నీ రాసుకుని, ఆ రాతను పదిహేను అడుగులకు మించిన పొడవాటి కాగితపు చుట్టగా చేసి ఓ చిన్న పెట్టెలో అమర్చుకున్నారు. ఒకవైపు తిప్పుతుంటే కాగితం సాగుతుంది. పై కప్పు లేని కారు హోరులో మాట వినబడదు కాబట్టి చేతి సైగలు పెట్టుకున్నారు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేసి గెలిచారు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్లకు పైనే. దారిలో జెంకిన్‌సన్‌కు వికారం వచ్చి పక్కకు వంగితే గాలికి కళ్లజోడు ఎగిరిపోయింది. ఆయన రెండో జోడు వెంట తెచ్చుకున్నాడు. ఇంటర్వ్యూకి ఒక్క పెన్నుతో వెళ్లేవాళ్లు కాస్త గమనించండి.

వికారం సంగతి నవ్వులాట కాదు. కదిలే బండిలో తల వంచుకుని చదివితే చాలామందికి కడుపులో తిప్పుతుంది. మీకు ఈ పని నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. మన్ననూరు నుంచి శ్రీశైలం వెళ్లే బస్సెక్కి, ఘాట్ రోడ్డులో ఓ పుస్తకం తెరిచి చదవండి. ఈగలపెంట దాటాక కూడా అక్షరాలు అక్షరాల్లాగే కనిపిస్తే సగం గండం గడిచినట్టే. కిటికీ పక్క సీటు తీసుకోండి, తోటి ప్రయాణికుల కోసమైనా!

గడియారం, బోర్డు, త్రికోణం

నావిగేటర్ పని స్టేజ్‌తో అయిపోదు. ఒక స్టేజ్ నుంచి ఇంకోదానికి రోడ్‌బుక్ చూసి దారి చెప్పాలి. అందులోని చిన్న చిన్న కూడలి బొమ్మలను ట్యూలిప్‌లు అంటారు. నెదర్లాండ్స్‌లోని ట్యూలిప్ ర్యాలీ నుంచి వచ్చిన పేరది. టైమ్ కార్డు మీ చేతిలోనే ఉంటుంది. ప్రతి కంట్రోల్ దగ్గరా కేటాయించిన నిమిషంలోనే కార్డు ఇవ్వాలి. ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం నిమిషం ఆలస్యానికి 10 సెకన్ల పెనాల్టీ. నిమిషం ముందు ఇస్తే? ఏకంగా 60 సెకన్లు! తొందరపాటుకు ఎక్కువ శిక్ష. స్టేజ్‌లో డ్రైవర్ చెమటోడ్చి సంపాదించిన అయిదు సెకన్లను మీరు బల్ల దగ్గర ఒక్క కార్డుతో పోగొట్టగలరు.

కారు ఎక్కడైనా బోల్తా కొడితే మొదట చేయాల్సింది ఫొటో తీయడం కాదు. ఇద్దరూ క్షేమమైతే పచ్చ ‘ఓకే’ బోర్డు వెనక వచ్చే కార్లకు చూపాలి. వైద్యం కావాలంటే ఎర్ర ‘ఎస్ఓఎస్’ బోర్డు. ఎర్ర త్రికోణాన్ని కారుకు కనీసం 50 మీటర్ల ముందే పెట్టాలి. వెనకాల ఇంకో కారు అదే మలుపులోకి అదే వేగంతో వస్తోందని మరిచిపోవద్దు.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్మేర్ జిల్లాలో జరిగిన జాతీయ ర్యాలీలో, పోటీ నడుస్తున్న దారిలోకి బైక్ మీద ఓ కుటుంబం వచ్చింది. రేసు కారు ఢీకొని ముగ్గురూ చనిపోయారు. మూసిన రోడ్డు మీద, నిర్వాహకులు, మార్షల్స్ ఉండగా జరిగిన ఘోరమది. మూయని రోడ్డు మీద సాధన చేస్తామంటే ఏమనాలి? గద్వాల నుంచో వనపర్తి నుంచో ఆదివారం బైకులేసుకుని సోమశిల వచ్చే తమ్ముళ్లకు ఇది నేరుగా చెబుతున్నా. పేస్ నోట్స్ రాయడానికి వేగం అక్కర్లేదు. రాత నేర్చుకోవడానికి బస్సు చాలు, ఆటో కూడా చాలు. నల్లమల రోడ్లయితే మరీ జాగ్రత్త. అది పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా శ్రీశైలం రోడ్డును మూసేది జంతువుల కోసమే.

ఎక్కడ మొదలెట్టాలి?

మన దేశంలో మోటార్ స్పోర్ట్స్ లైసెన్సులు ఇచ్చేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ. పోటీలో కూర్చోవాలంటే నావిగేటర్‌కూ లైసెన్సు ఉండాలి. జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో డ్రైవర్‌తో పాటు నావిగేటర్‌కూ విడిగా టైటిల్ ఉంటుంది. మనకు దగ్గర్లో అంటే చెన్నై, కోయంబత్తూరు, చిక్కమగళూరు, కొడగు ప్రాంతాల ర్యాలీలకు పేరుంది. కేరళలోని కాసరగోడ్ జిల్లా మొగ్రాల్‌కు చెందిన మూసా షరీఫ్ ఏ మహానగరం నుంచీ రాలేదు. భారత ర్యాలీల్లో నావిగేటర్ అనగానే ముందు వినిపించే పేర్లలో ఇవాళ ఆయనదొకటి. గౌరవ్ గిల్ పక్కన ఎన్నో పోటీల్లో కూర్చున్నది ఆయనే.

నేరుగా స్పెషల్ స్టేజ్‌కి వెళ్లాలని చూడకండి. మొదటి మెట్టు టీఎస్‌డీ ర్యాలీలు. టైమ్, స్పీడ్, డిస్టెన్స్. మామూలు కారులో, మామూలు రోడ్డు మీద, చెప్పిన సగటు వేగాన్ని తూచినట్టు పాటించాలి. ముందొచ్చినా వెనకొచ్చినా పెనాల్టీయే. ఇక్కడ గెలిపించేది కాలు కాదు, లెక్క. పోటీ పరీక్షలకు కాలం-దూరం లెక్కలు చేసీ చేసీ విసిగిపోయినవారికి ఆ లెక్కలు ఇక్కడ కళ్లముందు కదులుతాయి. గంటకు 36 కిలోమీటర్ల సగటంటే సెకనుకు 10 మీటర్లని తడుముకోకుండా చెప్పగలరా? అయితే సగం నావిగేటర్ అయిపోయినట్టే.

ఈ తరహా ర్యాలీల్లోనే ఒక అద్భుతమైన సంప్రదాయం ఉంది. ముంబయి, చెన్నై లాంటి నగరాల్లో చూపులేనివారే నావిగేటర్లుగా కార్ ర్యాలీలు జరుగుతుంటాయి. దారి వివరాలు బ్రెయిలీలో ఉంటాయి. వాళ్లు వేళ్లతో చదివి చెబుతుంటే చూపున్న డ్రైవర్ ఆ మాట ప్రకారం నడపాలి. రోడ్డును చూడకుండా రోడ్డును చెప్పడం ఎలాగో అక్కడ చూడాలి.

రెండో మెట్టు, మార్షల్‌గా వెళ్లడం. స్టేజ్ దగ్గర నిలబడి జెండా ఊపడానికి, సమయం నమోదు చేయడానికి నిర్వాహకులకు వాలంటీర్లు కావాలి. సాయంత్రానికి దుమ్ము కొట్టుకుపోతారు. కానీ ఏ జంట ఎలా పనిచేస్తోందో, ఎవరు ఎక్కడ పొరపాటు చేస్తున్నారో దగ్గరుండి చూస్తారు. నావిగేటర్ దొరక్క వెతుక్కుంటున్న కొత్త డ్రైవర్లు తగిలేదీ అక్కడే. అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. ఫాబ్రిత్సియా పోన్స్ అనే ఇటలీ నావిగేటర్ 1981లో శాన్‌రెమో ర్యాలీలో మిషెల్ మూటన్ పక్కన కూర్చుని గెలిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీని మహిళా డ్రైవర్ గెలవడం అదే మొదటిసారి. అదే పోన్స్ 1997లో పియెరో లియాత్తితో కలిసి మాంటే కార్లో ర్యాలీనీ గెలిచింది. కారుకు మీరు ఆడో మగో తెలీదు.

జీతమెంత?

మీరు అడగాలనుకుంటున్న ప్రశ్న ఇదే కదా. దాచకుండా చెప్పాలంటే, మన దేశంలో నావిగేటర్‌గా మాత్రమే బతకగలిగేవారు బహు కొద్దిమంది. మొదట్లో ప్రయాణం, బస, భోజనం డ్రైవరో టీమో భరిస్తే అదే గొప్ప. హెల్మెట్, మెడను కాపాడే హాన్స్ పరికరం, నిప్పంటుకోని సూటు లాంటివి విద్యార్థి జేబుకు మించినవే. అరువు అడగడానికి సిగ్గుపడొద్దు, కానీ హెల్మెట్ సరిగ్గా పట్టకపోతే మొహమాటపడి పెట్టుకోవద్దు. డిగ్రీ మానేసి ర్యాలీలకు వెళ్లిపోతానని ఎవరైనా అంటే నేనైతే ఒప్పుకోను. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో నేర్చుకోండి.

మరి కెరీర్ పేజీలో దీనికి చోటెందుకు? ఈ ముగ్గుర్ని చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన జ్యాఁ తోద్ ఒకప్పుడు నావిగేటర్. తర్వాత పెజొ రేసింగ్ విభాగాన్ని నడిపి, 1993లో ఫెరారీ ఫార్ములా వన్ జట్టు పగ్గాలు పట్టాడు. 2009 నుంచి 2021 దాకా ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు. బ్రిటన్‌కు చెందిన డేవిడ్ రిచర్డ్స్ 1981లో అరి వాతనెన్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు పక్క సీట్లో ఉన్నాడు. మూడేళ్లకు ప్రోడ్రైవ్ అనే కంపెనీ పెట్టాడు. రాబర్ట్ రీడ్ 2001లో రిచర్డ్ బర్న్స్‌తో టైటిల్ గెలిచి, 2021 చివర్లో ఎఫ్‌ఐఏ క్రీడా విభాగ ఉపాధ్యక్షుడయ్యాడు. స్టీరింగ్ పట్టినవాళ్లకు చప్పట్లు వచ్చాయి. పక్కన కూర్చుని సమయం, మనుషులు, నిబంధనలు, కాగితాలు చూసుకున్నవాళ్లు ఆటనే నడిపారు. ఇది యాదృచ్ఛికమని నేననుకోను.

అంత దూరం వద్దంటారా? ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు చదువుతున్నవారు మీలో ఉండే ఉంటారు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పని సరిగ్గా ఇదే రకం. ముందే నిర్ణయించిన మాటలు, విన్నది తిరిగి చదివి వినిపించడం. తొమ్మిదిని ‘నైన్’ అంటే ‘ఫైవ్’లా వినిపించొచ్చని ‘నైనర్’ అంటారు. మన ఇరవై, అరవై గొడవే అక్కడా! ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవారు, బీటెక్ వాళ్లు ఆ పోస్టులకు దరఖాస్తు చేస్తుంటారు. పేస్ నోట్స్ చదివినందుకు అక్కడ మార్కులు వేయరు. కానీ శిక్షణలో ‘అనుమానముంటే మళ్లీ అడుగు’ అన్నప్పుడు మీకది కొత్తగా అనిపించదు.

ఈ ఆదివారం ఇలా..

ఒక స్నేహితుణ్ని, రెండు పెన్సిళ్లను, స్పైరల్ పుస్తకాన్ని తీసుకుని కొల్లాపూర్‌లో సోమశిల బస్సో ఆటోనో ఎక్కండి. ముందు సీటు దొరికితే మేలు. వెళ్లేటప్పుడు స్నేహితుడు మలుపులకు అంకెలు చెబుతుంటే మీరు రాయండి. దూరాలు మొదట్లో అంచనాగానే వేయండి, తర్వాత ఫోన్ మ్యాప్‌లో కొలిచి దిద్దుకోవచ్చు. సోమశిలలో దిగి నది ఒడ్డున కూర్చుని శుభ్రంగా తిరగరాయండి. శ్రీశైలం జలాశయం నిండాక ఇక్కడి పాత ఊరు, దాని దారులు నీళ్లలో మునిగాయి. ఆలయాలను పైకి తరలించారు. ఇప్పుడు కృష్ణ మీద తీగల వంతెనకు, 167కె జాతీయ రహదారికి ప్రణాళికలు వచ్చాయి. రోడ్డు ఇంకా మారుతుంది. అందుకే పుస్తకం పైన తేదీ వేయండి. పోయినేడాది నోట్స్‌ను నమ్మి ఎవరూ ర్యాలీ నడపరు. నిన్న రాత్రి వానకు కొట్టుకుపోయిన చోటు దాంట్లో ఉండదు.

వచ్చేటప్పుడు దారి తిరగబడుతుంది. లెఫ్టులన్నీ రైటులవుతాయి, ఎక్కిన మిట్టలు దిగాలి. బిగుసుకునే మలుపు విప్పారేదవుతుంది. అంటే పాత నోట్స్ పనికిరావు, మళ్లీ రాయాల్సిందే. మూడో ట్రిప్పులో స్నేహితుడు కళ్లు మూసుకుని కూర్చుంటాడు, మీరు పుస్తకం చూసి చదవండి. మీరు ‘లెఫ్ట్ త్రీ’ అన్నాక అతని ఒళ్లు కుడికి ఒరిగిందా, ఎంతసేపటికి ఒరిగిందో అతణ్నే చెప్పమనండి. ఒరిగాక చెప్పారంటే ఆలస్యమైనట్టు. చెప్పి మూడు సెకన్లయినా ఒరగలేదంటే తొందరపడినట్టు. బస్సు నడిమధ్యలో ఆగి జనం ఎక్కుతుంటే లెక్క తప్పుతుంది. అప్పుడు ‘పోయింది’ అని గట్టిగా చెప్పి, తర్వాతి కల్వర్టు దగ్గర అందుకోండి. కండక్టర్ ‘రైట్ రైట్’ అన్నప్పుడు మాత్రం అది మీ నోట్స్‌లో లేదని ఇద్దరూ గుర్తుంచుకోండి.